అమ్మకి తెలియని దేవుడు

కృష్ణాష్టమి రోజు పొద్దున్నే విజయవాడలో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ఒక చిన్నికృష్ణుడైనా కనిపిస్తాడు. స్కూటీ ముందు భాగంలో నిలబడి ఉంటాడు. పసుపు రంగు పట్టుపంచె, నడుముకి వడ్డాణం, నెత్తిన కిరీటం, అందులో ఒక పక్కకి ఒరిగిపోయిన నెమలి ఈక. చేతిలో ప్లాస్టిక్ వేణువు ఉంటుంది కానీ వాడు దాన్ని ఊదడం కంటే నమలడమే ఎక్కువ. సిగ్నల్ పడేలోపు అమ్మ ఒక చేత్తో కిరీటం సర్దుతూ, "కదిలావంటే వీపు విమానం మోత మోగిపోద్ది" అని ఆ దేవుణ్ణి బెదిరిస్తూ ఉంటుంది. స్కూల్లో ఫొటో తీసేదాకా ఆ మేకప్ నిలబడాలని ఆవిడ టెన్షన్ ఆవిడది.

దేవుడి చిన్నతనం మీద వచ్చిన సినిమాల్లో బాగా ఆడినవాటిని దేన్ని తీసుకున్నా మధ్యలో ఉండేది ఈ సీనే. మిగతాదంతా, అంటే రాక్షసులు, విమానాలు, పూలవాన, ఆకాశవాణి, ఈ సీన్ చుట్టూ కట్టిన సెట్టింగు.

ఎందుకంటే ఈ రకం కథలో ఒక పెద్ద చిక్కుంది. హీరోకి ఏమీ కాదు. ఆ సంగతి టికెట్ కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు. పూతన విషప్పాలు ఇచ్చినా, తృణావర్తుడు సుడిగాలిలా ఎత్తుకుపోయినా, కాళీయుడు మడుగులో చుట్టేసినా పిల్లాడు నవ్వుతూ బయటికొస్తాడు. మామూలు సినిమాలో హీరో గెలుస్తాడని తెలిసినా ఎక్కడో చిన్న అనుమానం ఉంటుంది, ఇక్కడ ఆ అనుమానం కూడా లేదు, పైగా అనుమానం పెట్టుకుంటే అపచారం. మరి రెండున్నర గంటలు జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టేది ఏంటి?

తెలియని మనిషి. తెరమీద ఎవరో ఒకరికి ఈ పిల్లాడు దేవుడని తెలియకూడదు. మనకి తెలుసు, ఆమెకి తెలియదు. ఈ తేడా మీదే కథంతా నడుస్తుంది.

పోతన భాగవతం దశమస్కంధంలో మన్ను తిన్న ఘట్టం చూస్తే ఈ కిటుకు ఎంత పాతదో తెలుస్తుంది. బలరాముడూ గోపబాలురూ వచ్చి చాడీ చెప్తారు. యశోద నిలదీస్తుంది. వాడేమంటాడు? మన్ను తినడానికి నేనేమన్నా పసివాణ్ణా, ఆకలేసిందా, వెర్రెత్తిందా, వీళ్ళ మాటలు నమ్మకమ్మా, నువ్వు నన్ను కొట్టాలనే కల్పించి చెప్తున్నారు, కావాలంటే నా నోరు వాసన చూడు, తప్పయితే అప్పుడు కొట్టు అంటాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడి వాదన అచ్చం ఇలాగే ఉంటుంది, వాసన చూడమనే దాకా. తర్వాత నోరు తెరిస్తే బ్రహ్మాండమంతా కనిపిస్తుంది, ఇది కలా, విష్ణుమాయా, అసలు నేను యశోదనేనా అని ఆమె కంగారుపడుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. సినిమా తీసేవాళ్ళు గమనించాల్సింది ఆ తర్వాత జరిగేది. ఆమెకి విషయం అర్థమవుతున్న సమయానికి మళ్ళీ మాయ కమ్మేస్తుంది, చూసింది మర్చిపోయి కొడుకుని ఒళ్ళోకి తీసుకుంటుంది. ఆమెకి గుర్తుండిపోతే కథ అక్కడితో సరి. రేపట్నుంచి వెన్న దొంగిలిస్తే తిట్టేవాళ్ళుండరు, హారతిచ్చి ఇంకో కుండ తెచ్చిపెడతారు.

రోటికి కట్టిన ఘట్టం కూడా అంతే. ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువ, ఇంకోటి ముడేస్తే మళ్ళీ రెండంగుళాలు తక్కువ. చూసేవాళ్ళు నవ్వుతారు, ఆమెకి మాత్రం చెమటలు పడుతుంటాయి. లక్ష్మీదేవి కౌగిట్లో, యోగుల మనసుల్లో, వేదాల్లో చిక్కనివాడు "చిక్కె నతఁడు లీలఁ దల్లిచేతన్ ఱోలన్" అని పోతన ఒక్క ముక్కలో తేల్చేశాడు. దీన్ని తెరకెక్కించేటప్పుడు కెమెరా ఎవరి మీద ఉండాలన్నది అసలు ప్రశ్న. పిల్లాడి ముద్దు మొహం మీద పెడితే క్యాలెండర్ బొమ్మ వస్తుంది. తాడు ముడేస్తూ అలిసిపోతున్న తల్లి మీద పెడితే సీన్ వస్తుంది. బ్రహ్మాండం చూపించే ట్రిక్ షాట్‌కి ఎంత ఖర్చుపెట్టినా సరే, దాన్ని చూస్తున్న తల్లి మొహంలో భయం కనపడకపోతే అది ప్లానెటోరియం షో.

ఇంకో తమాషా ఉంది. యశోదకి తెలియని నిజం కంసుడికి తెలుసు. ఎనిమిదోవాడు పుట్టాడని, ఎక్కడో పెరుగుతున్నాడని, తనని చంపబోయేది వాడేనని తెలిసి నిద్రపట్టక తిరుగుతుంటాడు. ప్రేమించే మనిషికి తెలియదు, చంపాలనుకునే మనిషికి తెలుసు. ప్రేక్షకుడు వీళ్ళిద్దరి మధ్య కూర్చుని ఉంటాడు. అందుకే బాలకృష్ణుడి సినిమాలో కంసుడు తేలిపోతే పిల్లాడు ఎంత ముద్దుగా ఉన్నా లాభం లేదు. 1935లో వచ్చిన శ్రీకృష్ణ లీలలులో కంసుడు వేమూరి గగ్గయ్య, గుంటూరు వైపు వేమూరు ఆయనది, రంగస్థలం మీద ఆ గొంతు వింటే వెనక వరసలో పిల్లలు కూడా నిద్రలేచేవారనుకోవచ్చు. తర్వాత తరం కంసుడు ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడు. దేవుడి వేషాలు ఎక్కడివాళ్ళు వేసినా, కంసుల్ని మాత్రం ఈ చుట్టుపక్కల ఊళ్ళే సప్లై చేశాయి.

ఆ 1935 సినిమాలో కృష్ణుడు సాలూరి రాజేశ్వరరావు. అప్పటికి పన్నెండు, పదమూడేళ్ళ కుర్రాడు. ఆ రోజుల్లో ప్లేబ్యాక్ లేదు, తెరమీద ఎవరు కనిపిస్తే వాళ్ళే పాడాలి, కాబట్టి బాలకృష్ణుడి వేషానికి మొదటి అర్హత గొంతు. ఆ కుర్రాడే పెరిగి పెద్దవాడై సంగీత దర్శకుడయ్యాడు, 1967 భక్త ప్రహ్లాదకి, 1972లో వచ్చిన బాల భారతానికి బాణీలు కట్టాడు. పసిదేవుడి వేషం కట్టినవాడే ఇంకో తరం పిల్లలకి పాటలిచ్చాడన్నమాట.

ప్లేబ్యాక్ వచ్చాక లెక్క మారిపోయింది. గొంతు ఎవరిదైనా పర్లేదు, మొహం చాలు. అప్పట్నుంచి చూస్తే ఒక వింత వరస కనిపిస్తుంది. 1957 పాండురంగ మహత్యంలో బాలకృష్ణుడు విజయనిర్మల. 1967 భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడు రోజారమణి. 1975 యశోద కృష్ణలో చిన్నికృష్ణుడు శ్రీదేవి, ఆ అమ్మాయే అంతకుముందు తమిళంలో మురుగన్ వేషం కూడా వేసింది. అందరూ ఆడపిల్లలే. 1963 లవకుశలో వేషాలు అబ్బాయిలే వేశారు కానీ పాటలకి గొంతు లీల, సుశీల ఇచ్చారు. మన నాటకాల్లో స్థానం నరసింహారావు లాంటి మగవాళ్ళు ఆడవేషాలు కట్టి మెప్పించిన చరిత్ర అందరికీ తెలుసు, సినిమాలో దానికి తిరగేసిన కథ నడిచిందన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పసిదేవుడి మొహం అబ్బాయిదీ అనిపించకూడదు, అమ్మాయిదీ అనిపించకూడదు, దిష్టి తగిలేలా ఉండాలి, అంతే. పైగా నాట్యం చిన్నప్పుడే నేర్చుకునేది ఎక్కువగా ఆడపిల్లలే, పాము పడగ మీద ఒంటికాలితో నిలబడమంటే నిలబడగలిగేదీ వాళ్ళే.

ప్రహ్లాదుడు దేవుడు కాడు కదా, ఈ వరసలోకి ఎందుకొచ్చాడు అనే ప్రశ్న రావచ్చు. నిజానికి ఈ రకంలో అన్నిటికంటే గట్టి కథ అతనిదే, కారణం కూడా అదే. అతనికి ఏదైనా అయ్యే అవకాశం ఉంది. పాములతో కరిపిస్తారు, ఏనుగులతో తొక్కిస్తారు, విషం పెడతారు, కొండమీంచి తోస్తారు, ఇదంతా చేయించేది కన్నతండ్రి. కృష్ణుడి కథలో భయం బయట్నుంచి వస్తుంది, ఇల్లు మాత్రం సేఫ్. ప్రహ్లాదుడికి ఇంట్లోనే భయం. తెలుగులో మొదటి టాకీకి 1932లో హెచ్.ఎం. రెడ్డి ఈ కథనే ఎంచుకున్నాడు, చిత్రపు నారాయణమూర్తి 1942లో ఒకసారి, 1967లో ఏవీఎం వాళ్ళకి మరోసారి తీశాడు. ఇన్నిసార్లు తీసినా పాతబడలేదంటే దానికి భక్తి ఒక్కటే కారణమనుకోలేం. చండామార్కుల దగ్గర చదువు పూర్తిచేసి వచ్చిన కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తండ్రి ఏం నేర్చుకున్నావో చెప్పమంటాడు, వాడు "చదివించిరి నను గురువులు" అని మొదలుపెట్టి "చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ" అంటాడు, తండ్రి మొహం మాడిపోతుంది. ఊరంతా కాలేజీ హోర్డింగులున్న విజయవాడలో ఈ సీన్‌కి వ్యాఖ్యానం అక్కర్లేదు. ర్యాంకు కోసం పంపిస్తే పిల్లాడు ఇంకేదో నేర్చుకొచ్చాడు, తండ్రి వెళ్ళి లెక్చరర్ల మీద పడ్డాడు.

ఇక్కడ తెలియని మనిషి తండ్రి. ఖచ్చితంగా చెప్పాలంటే, తెలిసినా ఒప్పుకోని మనిషి. అందుకే హిరణ్యకశిపుడు కంసుడికంటే పెద్ద పాత్ర అయ్యాడు. స్తంభం పగలడానికి ముందు, కొడుకుని చూస్తూ ఒక్క క్షణం 1967లో ఆ వేషం కట్టిన ఎస్వీ రంగారావు కళ్ళల్లో తండ్రి కనిపిస్తాడు. ఆ క్షణం లేకపోతే నరసింహుడు వచ్చి పొట్ట చీల్చడం మామూలు ఫైట్ అయిపోయేది.

లవకుశలో ఇదే ఇంకాస్త ముదిరింది. తండ్రికి వాళ్ళు తన కొడుకులని తెలియదు, కొడుకులకి తాము పాడుతున్నది నాన్న కథే అని తెలియదు, అన్నీ తెలిసిన తల్లి నోరు విప్పలేదు. సి. పుల్లయ్య 1934లో ఒకసారి తీసి, మళ్ళీ రంగుల్లో మొదలుపెట్టి, ఆరోగ్యం సహకరించక వదిలేస్తే కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశాడు. మధ్యలో డబ్బులకి ఇబ్బందై ఆగిపోవడంతో మొత్తం అయ్యేసరికి సుమారు ఐదేళ్ళు పట్టింది. అడవిలో పిల్లలు నెమ్మదిగా పెరుగుతారు, షూటింగులో ఆగరు కదా. పిల్లల సినిమా తీసేవాళ్ళందరికీ ఉండే గండం ఇది, హీరో డేట్లు ఇవ్వకపోతే ఏడాది ఆగొచ్చు, బాలనటుడి పాలపళ్ళు ఊడిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

వినాయకుడి కథ ఇదే కొలతతో చూస్తే తెలిసిపోతుంది, గుమ్మం దగ్గర నిలబడ్డది తన కొడుకని శివుడికి తెలియదు. తల నరికే సీన్ పిల్లలకి ఎలా చూపించాలన్నది మాత్రం ఏ దర్శకుడికైనా తలనొప్పే. ఒక మెరుపు, ఒక కేక, వెంటనే పార్వతి పరుగెత్తుకు రావడం, ఇంతకుమించి దారి లేదు.

రాముడి చిన్నతనం మీద సినిమాలు ఎందుకు లేవు అని చాలామందికి తోచదు. ఉన్నదల్లా అద్దంలో చందమామని చూపించి ఏడుపు ఆపిన కథ, తర్వాత విశ్వామిత్రుడి రాక. వాల్మీకి దగ్గర బాల్యం నాలుగు శ్లోకాల్లో గడిచిపోతుంది. ఒక్కటే ఘట్టం, మా అబ్బాయికి ఇంకా పదహారేళ్ళు కూడా నిండలేదు, రాక్షసుల మీదికి ఎలా పంపను అని దశరథుడు వణికిపోవడం. అదీ తండ్రి సీనే. రాముడి విషయంలో తాను దేవుణ్ణని తనకే తెలియదు, కాబట్టి అల్లరి పుట్టే చోటు లేదు. ఒద్దికైన పిల్లాడి మీద రెండున్నర గంటల సినిమా తీయడం ఎవరివల్లా కాదు.

1997లో గుణశేఖర్ దర్శకత్వంలో ఎమ్మెస్ రెడ్డి నిర్మించిన రామాయణం ఈ లోటుని ఇంకో రకంగా పూడ్చింది. వేషాలన్నీ పిల్లలకే ఇచ్చారు, రాముడుగా జూనియర్ ఎన్టీఆర్. ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. చూడముచ్చటగా ఉంటుంది, ఆ పిల్లల చేత అంత తెలుగు పలికించడం మామూలు విషయం కాదు. అయినా ఒక మాట చెప్పుకోవాలి, అందులో పిల్లలున్నారు కానీ బాల్యం లేదు. రావణుడు కూడా పిల్లాడే అయినప్పుడు భయపడేవాళ్ళెవరు? అతికించిన మీసం చూసి ముచ్చటపడతాం. స్కూల్ యానివర్సరీలో ముందు వరసలో కూర్చుని చూసే ముచ్చట అది, సీటు అంచుకి జరిగి చూసేది కాదు.

టీవీలో పౌరాణికాలు వచ్చాక థియేటర్‌కి ఆ అవసరం తగ్గింది. ఒకప్పుడు శివరాత్రికి గాంధీనగర్ హాళ్ళలో జాగారం ఆటలు పడేవి, ఇంటిల్లిపాదీ దుప్పట్లతో సహా వచ్చి తెల్లారేదాకా సినిమాలు చూసేవారు, ఒళ్ళో పిల్లలు మొదటి రాక్షసుడికి జడుసుకుని, రెండో రాక్షసుడికి అలవాటుపడి, మూడో రాక్షసుడు వచ్చేసరికి నిద్రపోయేవారు. ఫ్యామిలీ సినిమా అంటే ఇక్కడ అర్థం అదే. పిల్లలకి భయం కలిగించకూడదన్న రూలేమీ లేదు, భయం వేసినప్పుడు చీర కొంగు అందుబాటులో ఉండాలి, అంతే. సెన్సార్ వాళ్ళు 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ని ఏడు, పదమూడు, పదహారేళ్ళ లెక్కన విడగొట్టారు, మంచిదే, కానీ మన ఇళ్ళల్లో పిల్లాడి వయసు కంటే పక్కన కూర్చునేది ఎవరన్నదే లెక్క.

యానిమేషన్ ఈ సంగతి చాలాకాలం పట్టించుకోలేదు. 2005లో వచ్చిన హనుమాన్ తర్వాత వరసగా బాలదేవుళ్ళ బొమ్మల సినిమాలు, సీరియళ్ళు వచ్చాయి. పిల్లలు బాగానే చూశారు. వాటిలో చాలావాటిలో పసిదేవుడు ఒక చిన్న సైజు సూపర్‌హీరో. రాక్షసుడొస్తాడు, పిడిగుద్దులు, పేలుడు, గెలుపు, మళ్ళీ ఇంకో రాక్షసుడు. అమ్మ ఉంటుంది, వంటింట్లోంచి వచ్చి లడ్డూలో వెన్నో పెట్టి వెళ్ళిపోతుంది. ఆమెకి ఏ టెన్షనూ లేదు కాబట్టి చూసే పెద్దవాళ్ళకీ లేదు, వాళ్ళు ఫోన్ తీసుకుంటారు. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి పని చేసుకోవడానికి పనికొచ్చే సరుకుగా మిగిలిపోయిందంటే తప్పు యానిమేషన్‌ది కాదు, కథ రాసినవాళ్ళు యశోదని కోసేశారు.

2025 జులైలో వచ్చిన మహావతార్ నరసింహ విషయంలో జరిగింది గమనించదగ్గది. పెద్ద హీరో లేడు, పూర్తిగా బొమ్మల సినిమా, అయినా తెలుగు రాష్ట్రాల్లో కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళారు. ఎంచుకున్న కథ ప్రహ్లాదుడిది, అంటే దెబ్బ తగిలే పిల్లాడిది. చివరి అరగంట గ్రాఫిక్స్ గురించి అందరూ మాట్లాడారు కానీ అంతకుముందు గంటన్నర ఆ పసివాడి ప్రాణం మీదికి వస్తుంటే కూర్చున్నవాళ్ళే ఆ అరగంటకి చేతులెత్తి దండం పెట్టారు.

విజయవాడలో కూర్చుని ఇదంతా ఆలోచిస్తే ఒకటి మనసుకి తట్టకుండా ఉండదు. ఇన్ని దశాబ్దాలు పసిదేవుళ్ళ వేషాలు కట్టింది ఆడపిల్లలు. మరి ఆడదేవత చిన్నతనం మీద సినిమా ఏది? 1995లో అమ్మోరులో దేవత చిన్నపిల్లగా ఇంట్లోకి వచ్చి పనిమనిషిలా ఉంటుంది, బేబీ సునయన వేసిన ఆ వేషం ఇప్పటికీ జనానికి గుర్తే, ఇంట్లోవాళ్ళకి ఆ పిల్లెవరో తెలియకపోవడమే అక్కడా మజా. కానీ అది దేవత తీసుకున్న రూపం, బాల్యం కాదు.

ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాల్లో అమ్మవారికి బాలాత్రిపురసుందరి అలంకారం చేస్తారు, 2024లోనూ 2025లోనూ మొదటి రోజే ఆ అలంకారం పడింది. క్యూ లైన్లలో ఆ రోజు పట్టులంగాలు కట్టిన చిన్నపిల్లలు ఎక్కువ కనిపిస్తారు. ఈ బాల ఎవరో లలితోపాఖ్యానంలో ఉంది, లలితాదేవి కూతురు, వయసు తొమ్మిదేళ్ళు. శుక్రవారం శుక్రవారం మన ఇళ్ళల్లో చదివే లలితా సహస్రనామంలోనే "భండపుత్ర వధోద్యుక్త బాలావిక్రమ నందితా" అని ఒక నామం వస్తుంది, వందలసార్లు నోటికి వచ్చినా అక్కడ ఆగి చూసుకోం. భండాసురుడి కొడుకులు ముప్ఫైమంది యుద్ధానికి వచ్చారని విని ఆ తొమ్మిదేళ్ళ పిల్ల, నేను వెళ్తానమ్మా అంటుంది. లోకాలన్నీ ఏలే తల్లి, అన్నీ తెలిసిన తల్లి, ఆ ఒక్క మాటకి తడబడుతుంది. చిన్నదానివి, ఇంకా యుద్ధం నేర్చుకునే వయసు, పెద్దవాళ్ళున్నారు కదా వెళ్ళడానికి అంటుంది. పిల్ల పట్టు వదలదు. ఇక చేసేది లేక తల్లి కూతురికి కవచం తొడిగి, ఆయుధాలు చేతికిచ్చి, కర్ణీరథం ఎక్కించి, తోడుగా తన మంత్రి అయిన మంత్రిణిని, సేనాధిపతి అయిన దండనాథని పంపుతుంది.